గర్భస్థ శిశువు మన పొరుగువాడు

(మేత్రాసన శతాబ్ది సందర్భంగా బొబ్బిలి విచారణలో జరిగిన కుటుంబ సదస్సులో చదివిన ప్రసంగ పాఠము)



శతాబ్ది అనగానే మనం లెక్కలు చూసుకుంటాము. ఎన్ని గుడులు కట్టాము, ఎన్ని బడులు తెరిచాము, జ్ఞానస్నాన పుస్తకాలలో ఎన్ని పేర్లు రాశాము అని. ఆ లెక్కలు చూసుకోవలసినవే. వాటి కొరకు సర్వేశ్వరునికి కృతజ్ఞత చెప్పవలసినదే. అయితే ఏ పుస్తకంలోనూ పేరు ఎక్కని బిడ్డలు కొందరున్నారు. వారిని పుట్టనివ్వలేదు. వారిని గురించి నాలుగు మాటలు చెప్పమని విచారణ గురువులు మా కుటుంబ జీవిత బృందాన్ని ఆదేశించారు. మాలో నర్సులున్నారు, ఉపాధ్యాయులున్నారు, పిల్లల తల్లులున్నారు. మేము పండితులము కాము. పైగా ఈ విషయంలో మేమే చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది. సమయం వచ్చినప్పుడు అది కూడా చెబుతాము.

కోటలో నుండి బయటపడిన బిడ్డ

బొబ్బిలి వారికి బొబ్బిలి కథ చెప్పనక్కర లేదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కోటను ముట్టడించిన సంగతి బుర్రకథ విన్న ప్రతివారికీ తెలుసు. కోట నిలవదని తేలిపోయాక, లోపలి స్త్రీలను, పసిపిల్లలను శత్రువు చేతికి చిక్కనీయరాదని తమవారే ప్రాణాలు తీశారు. ఆ వీరుల తెగువను మేము తక్కువ చేయడం లేదు. ఆ కాలపు పరువు అటువంటిది.

కాని ఆ యుద్ధ చరిత్ర రాసిన ఇంగ్లీషువాడు రాబర్ట్ ఓర్మ్ ఇంకొక మనిషిని కూడా మనకు చూపించాడు. పోరాటం ముగిసిన కొంతసేపటికి ఒక ముసలివాడు ఒక పిల్లవానిని వెంటబెట్టుకుని ఫ్రెంచి అధికారి దగ్గరకు వచ్చాడట. వీడు రంగారావు కొడుకని, తండ్రి ఇష్టానికి ఎదురు నడిచి తాను వీడిని బ్రతికించానని చెప్పాడట. ఆ పిల్లవాడు చిన్నరంగారావు. తరువాతి రోజులలో బొబ్బిలి సంస్థానానికి వారసుడైనది ఆయనే.

పాపారాయుని పేరు ఊరూరా తెలుసు. ఆ ముసలివాని పేరు మాత్రం ఓర్మ్ రాయలేదు. అయినా అందరూ చావే గౌరవమని నిశ్చయించుకున్న రోజున, ఈ ఒక్క బిడ్డ బ్రతకాలని అనుకున్న మనిషి అతడు. ఈ రోజులలో పరువు పేరు చెప్పి, పేదరికం పేరు చెప్పి, ఆడపిల్ల అని చెప్పి బిడ్డలను తల్లి గర్భంలోనే తుదముట్టిస్తున్నారు. అత్తవారూ పుట్టింటివారూ ఊరూ ఒక్కటై ‘వద్దు’ అన్నప్పుడు ఆ బిడ్డను చేయి పట్టుకుని బయటకు తెచ్చేవారెవరు? ఈ ప్రసంగంలో మేము అడిగే ప్రశ్న ఇదొక్కటే.

గర్భంలో ఉన్నది ఎవరు?

‘అప్పుడే బిడ్డేమిటి, నెత్తురు ముద్ద కదా’ అని మన ఇళ్లలో అంటూ ఉంటారు. ఆ మాట నిజమో కాదో ముందు తేల్చుకోవాలి. వైద్యశాస్త్రం చెప్పేది ఇది. తల్లి కణము, తండ్రి కణము కలిసిన క్షణం నుండి సాధారణంగా 46 క్రోమోసోములతో ఒక కొత్త జీవి మొదలవుతుంది. అది తల్లి శరీరంలో ఒక భాగం కాదు, తండ్రి నకలూ కాదు. ఆడో మగో అప్పుడే నిర్ణయమైపోతుంది. గర్భం దాల్చిన మూడు నాలుగు వారాలకే గుండె కదలిక మొదలవుతుంది. చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతి నిశ్చయంగా తెలిసే నాటికి ఆ పని లోపల జరుగుతూనే ఉంటుంది. మూడు నెలలు నిండేసరికి చేతివేళ్లు, కాలివేళ్లు, ముఖ్యమైన అవయవాలు ఏర్పడి ఉంటాయి.

దీనికి ఒక చదువుకున్న మిత్రుడు మాకు ఎదురు చెప్పాడు. ‘గొల్లపల్లిలో వీణలు చేస్తారు కదా. పనస దుంగను వీణ అంటామా? చెక్కి, తొలిచి, తీగలు బిగిస్తేనే కదా వీణ. పిండమూ అంతే’ అన్నాడు. బొబ్బిలి మనిషి చెప్పవలసిన పోలికే. మేము కొంచెం ఆలోచించి జవాబు చెప్పాము. దుంగ తనంతట తాను వీణ కాదు. బయట నుండి పనివాని చేయి పడాలి. ఆ చేయి పడకపోతే అది వంటచెరకైనా అవుతుంది, తలుపుచెక్క అయినా అవుతుంది. గర్భంలోని బిడ్డను బయటి నుండి ఎవరూ చెక్కడం లేదు. తల్లి ఆహారం ఇస్తుంది, చోటు ఇస్తుంది. పెరగడం మాత్రం బిడ్డే పెరుగుతుంది. దానికి సరైన పోలిక దుంగ కాదు, ఆకుమడి. ఆకుమడిలో ఉన్నంతకాలం గడ్డి, ఉడుపులయ్యాక వరి అని ఏ రైతూ అనడు. ఆకుమడిని తొక్కినవానిని పంట నాశనం చేశావనే తిడతాడు.

చిన్నగా ఉన్నాడని, కంటికి కనబడడని, తనంతట తాను బ్రతకలేడని ఒక మనిషి ప్రాణానికి విలువ తగ్గిస్తే, ఆ కొలబద్ద గర్భం దగ్గర ఆగదు. నిన్న పుట్టిన పసికందూ తనంతట తాను బ్రతకలేదు. మంచాన పడిన మన ముసలివారూ బ్రతకలేరు.

వేదము, శ్రీసభ సంప్రదాయము

పవిత్ర గ్రంథంలో గర్భస్థ శిశువు ఊరూ పేరూ లేని వస్తువు కాదు. తల్లి గర్భంలో తనను నేసినవాడు దేవుడేనని కీర్తనకారుడు పాడుకున్నాడు. పుట్టక ముందే తనను ఎరిగి ప్రత్యేకించాడని యిర్మీయా ప్రవక్త చెప్పుకున్నాడు. మరియమ్మ వందనం వినగానే ఎలిజబెతమ్మ గర్భంలో యోహాను సంతోషంతో గంతులు వేశాడని లూకా సువార్తికుడు రాశాడు. రక్షకుని మొదట గుర్తించినది ఇంకా పుట్టని ఒక బిడ్డ!

ఐగుప్తులో ఫరో రాజు హెబ్రీయుల మగపిల్లలను కాన్పులోనే చంపమని మంత్రసానులకు ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఇద్దరు స్త్రీలు దేవునికి భయపడి రాజాజ్ఞను పాటించలేదు. బొబ్బిలి కోట ముసలివానికి పెద్దక్కలు వారు.

రోము సామ్రాజ్యంలో అక్కరలేని పసికందును వీధిలో పారవేసే అధికారం తండ్రికి ఉండేది. ఆ లోకంలోనే, శ్రీసభ తొలి రోజులనాటి ‘దిదాకే’ అనే ఉపదేశ గ్రంథం గర్భస్రావాన్ని, శిశుహత్యను రెండింటినీ నిషేధించింది. 1965లో రెండవ వాటికన్ మహాసభ అదే బోధను తిరిగి చెప్పింది. 1995లో రెండవ జాన్ పాల్ పోపుగారు జీవ సువార్త అనే విశ్వలేఖను మార్చి 25న వెలువరించారు. ఆ తేదీని గమనించండి. అది మంగళవార్త పండుగ. క్రిస్మసుకు సరిగా తొమ్మిది నెలల ముందు. అంటే శ్రీసభ మన ప్రభువు జీవితాన్ని పశువుల కొట్టం నుండి లెక్కపెట్టదు, మరియమ్మ గర్భం నుండి లెక్కపెడుతుంది.

ఇది మన మతం వారి మాట మాత్రమే అనుకోవద్దు. భ్రూణహత్య అనే మాట మన దేశపు ధర్మశాస్త్రాలలోనిది. దానిని మహాపాపాలతో జత చేసి చెప్పారు.

చట్టం ఏమంటున్నది?

1860 నాటి శిక్షాస్మృతి తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప గర్భం తీయడాన్ని నేరంగా ఉంచింది. అయినా మొరటు వైద్యాల చేతులలో తల్లులు చనిపోతూనే ఉన్నారు. 1964లో ప్రభుత్వం శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది. 1971 ఆగస్టు 10న వైద్యరీత్యా గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుండి అమలైంది. కొన్ని కారణాలపై 20 వారాల వరకు అనుమతి ఇచ్చింది. 2021 సవరణ కొన్ని తరగతుల స్త్రీలకు దానిని 24 వారాలకు పెంచింది. బిడ్డకు తీవ్రమైన అవలక్షణం ఉన్నదని వైద్య మండలి నిర్ధారిస్తే ఆ గడువు కూడా లేదు.

తల్లుల ప్రాణాలు పోకూడదన్న ఆరాటం మంచిది. అది మన ఆరాటం కూడా కావాలి. అయితే ఇద్దరు ప్రమాదంలో ఉన్నప్పుడు ఒకరిని లెక్కలో నుండి తీసివేయడం పరిష్కారమని మేము ఒప్పుకోలేము. చట్టం దండించనిదంతా ధర్మం అయిపోదు. 2023 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 26 వారాలు దాటిన ఒక గర్భాన్ని తొలగించడానికి అనుమతి ఇవ్వలేదు. తల్లి ప్రాణానికి ముప్పు లేదు, బిడ్డకు లోపం లేదు అన్నది. మంచిదే. మా ప్రశ్న ఒకటే. 26వ వారంలో న్యాయస్థానానికి కనబడిన ఆ బిడ్డ, 12వ వారంలో ఇంకెవరు?

ఇక ఆడపిల్లల మాట. గర్భస్థ శిశువు లింగం చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం చేశారు. 1996 నుండి అమలులో ఉన్నది. అయినా ఆరేళ్లలోపు పిల్లలలో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశంలో 2001లో 927, 2011లో 919. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 961 నుండి 939కి దిగారు. గర్భంలో ఉన్నది బిడ్డ కాదని వాదించేవారు కూడా, ఆడపిల్ల అని తీయించుకుంటే అన్యాయమంటారు. ఆడపిల్ల అంటే బిడ్డే కదా!

కష్టమైన ప్రశ్నలు

తల్లి ప్రాణానికే ముప్పు వస్తే? ఈ ప్రశ్న మాలోని నర్సులను తరచుగా అడుగుతారు. తల్లికి చేయవలసిన వైద్యం చేయవద్దని శ్రీసభ చెప్పదు. గర్భాశయంలో క్యాన్సరు ఉన్న తల్లికి దానిని తొలగించే శస్త్రచికిత్స చేయవచ్చు. దాని వలన బిడ్డ దక్కకపోతే అది దుఃఖమే గాని హత్య కాదు. బిడ్డ చావునే కోరి చేసే పని వేరు. ఇటలీ దేశపు వైద్యురాలు జియాన్నా బెరెట్టా మొల్లా తన గర్భంలో కణితి ఉన్నదని తెలిసి కూడా బిడ్డను కాపాడే చికిత్సనే కోరుకున్నది. 1962 ఏప్రిల్ 21న బిడ్డను కని, వారం తిరగకుండా 28న కన్నుమూసింది. 2004లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అటువంటి త్యాగాన్ని స్తుతించగలము గాని, ఇంకొక తల్లి నుండి హక్కుగా అడుగలేము.

బలాత్కారానికి గురైన స్త్రీ సంగతి? ఈ ప్రశ్నకు గబగబా జవాబు చెప్పేవారిని నమ్మవద్దు. నేరం చేసినవాడు ఒకడు, శిక్ష పడేది బిడ్డకు అని మేము నమ్ముతాము. కాని ఆ మాట ఆమెతో అనే అర్హత, ఆమె పక్కన నిలబడి, కేసు నడిచినంతకాలం తోడు వెళ్లి, రాత్రులు కావలి ఉన్నవారికే ఉన్నది.

పేదరికం? బిడ్డ అంగవైకల్యంతో పుడితే? ఈ రెండు ప్రశ్నలూ ఆ తల్లికి వేయవలసినవి కావు. ఇరుగుపొరుగుగా మనం మనకే వేసుకోవలసినవి.

మా తప్పు

ముందు చెప్పిన మాట ఇప్పుడు చెబుతున్నాము. కొన్నేళ్ల క్రిందటి సంగతి. మా పక్క పల్లెలో ఇరవై ఏళ్ల పిల్ల. ఆదివారం పూజలో ముందు వరుసలో నిలబడి పాటలు పాడే పిల్ల. మన సంఘంలోని అబ్బాయే పెళ్లి చేసుకుంటానని నమ్మించాడు. నెల తప్పాక ముఖం చాటేశాడు. గుడి ఆవరణలో గుసగుసలు మొదలైనాయి. మాలో ఒకరు ఆమెను కొన్నాళ్లు గాన బృందం మానుకోమన్నారు. మరొకరు వాళ్ల అమ్మను పిలిచి విచారణ పరువు తీశారని మందలించారు. ఆ ఇంటికి వెళ్లి, అన్నం తిన్నావా తల్లీ అని అడిగినవారు మాలో ఒక్కరూ లేరు.

కొద్ది వారాలకు ఆమె ఎవరో తెచ్చి ఇచ్చిన మాత్రలు మింగింది. నెత్తురు ఆగక, స్పృహ తప్పిన స్థితిలో 108లో ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది. బిడ్డ దక్కలేదు. మాలోని నర్సు ఆమె మంచం పక్కన కూర్చుని, మా దగ్గరకు ఎందుకు రాలేదమ్మా అని అడిగింది. ఆ పిల్ల గోడవైపు తిరిగి, ‘మీకు బయపడే గదమ్మా నానిలాగ సేసినాను’ అన్నది.

ఆ మాటకు మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. జీవము పవిత్రమని ప్రసంగాలు చేసిన నోళ్లే ఆమెను మాత్రల దాకా తరిమాయి. మరుసటి ఏడు ఆ అబ్బాయి పెళ్లి జరిగింది. మేమే వెళ్లి దీవించి, భోజనం చేసి వచ్చాము. బొబ్బిలి కోటలో పరువు కోసం చనిపోయిన పిల్లల కథకు కన్నీరు పెట్టే మేము, మా కళ్ల ముందే మరొక కోట కట్టాము. దాని గోడలు మా మాటలు.

చేయి పట్టుకున్నవారు

ఇతరులు ఏం చేశారో చూడండి. మన విజయనగరంలో 1892లో మొదట ప్రదర్శించిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం పసిపిల్లలను ముసలివారికి అమ్మే ఆచారాన్ని ఎండగట్టింది. అలా చిన్నతనంలోనే విధవలైనవారికి కడుపు వస్తే ఆ రోజులలో రెండే దారులు చూపేవారని పెద్దలు చెప్పేవారు. గుట్టుగా కడుపు దించుకోవడం, లేదా నుయ్యి చూసుకోవడం. పూనాలో జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1863లో మూడవ దారి తెరిచారు. అటువంటి స్త్రీలు భయం లేకుండా వచ్చి కనేందుకు బాలహత్యలను నివారించే గృహం పెట్టారు. ఒక విధవ కన్న బిడ్డను తామే పెంచుకున్నారు. యశ్వంత్ అనే ఆ బిడ్డ పెరిగి డాక్టరయ్యాడు. వారు క్రైస్తవులు కారు. కాని మంచి సమరీయుడు కూడా మన గుడివాడు కాడు కదా!

మనవారిలో మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ ఉన్నారు. భారతదేశంలో పసిపిల్లలు చనిపోతున్న తీరును గురించి చదివి, మెల్బోర్న్‌లో మంచి ప్రాక్టీసు వదులుకుని, 1920లో గుంటూరు వచ్చి కన్యస్త్రీ అయ్యారు. ఆ కాలంలో కన్యస్త్రీలు వైద్యం చేయడానికి నియమాలు అడ్డు ఉండేవి. ఆమెకు రోము ప్రత్యేక అనుమతి ఇచ్చింది. 1936లో ఆ అడ్డు అందరికీ తొలగింది. 1943లో ఆమె కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. గర్భస్థ శిశువును కాపాడాలంటే ముందు తల్లిని కాపాడాలని ఆమె తన చేతులతో చూపించారు. మదర్ తెరెసా 1979లో నోబెల్ బహుమతి ప్రసంగంలో గర్భస్రావాన్ని ఖండించి ఊరుకోలేదు. దానికి ఎదురుగా తాము దత్తత మార్గం పట్టామని కూడా చెప్పారు. వద్దు అనుకున్న బిడ్డకు ఇల్లు వెతికిన తరువాతనే ఆమె లోకాన్ని మందలించారు.

మనం చేయవలసినవి

మొదటిది, నోరు కట్టుకోవాలి. పెళ్లికాని పిల్ల గర్భవతి అని తెలిస్తే, ఆ వార్త మన నోట బయటకు పోరాదు. మన కాళ్లు ఆమె ఇంటివైపు పోవాలి.

రెండవది, మగవారిని బాధ్యులను చేయాలి. బిడ్డకు తండ్రి ఎవరో తెలిసీ తల్లిని మాత్రమే ప్రశ్నించే సంఘం క్రీస్తునాథుని సంఘం అనిపించుకోదు.

మూడవది, మన స్త్రీలు వంట పెట్టేటప్పుడు తీసి ఉంచే పిడికెడు బియ్యంలో కొంత భాగం ఇటువంటి తల్లుల పేర ఉంచుదాము. తొమ్మిది నెలలు, ఆ తరువాత ఒక ఏడాది. ఆరోగ్య కేంద్రానికి బస్సు ఛార్జీలు, మందులు, పాలు. ఇంత చిన్న ఖర్చు లేక ఒక బిడ్డ పోవడం మనకు సిగ్గు.

నాలుగవది, దారులు తెలుసుకోవాలి. బిడ్డను పెంచలేని తల్లి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బాలల సంక్షేమ సమితికి అప్పగించవచ్చు. తిరిగి ఆలోచించుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఉన్నది. ఆ తరువాతనే దత్తతకు వీలు కలుగుతుంది. సహాయానికి 1098కి ఫోను చేయవచ్చు. ఈ సంగతి మాకు అప్పుడు తెలిసి, ఆ పిల్లకు చెప్పి ఉంటే!

చివరిది. ఈ సభలో గతంలో గర్భం తీయించుకుని, ఆ బరువును ఎవరికీ చెప్పకుండా మోస్తున్న తల్లులు ఉండవచ్చు. వారిని ఒత్తిడి చేసిన భర్తలు, అత్తలు కూడా ఉండవచ్చు. అమ్మా, అయ్యా, ఈ మాటలు మిమ్మల్ని రాళ్లతో కొట్టడానికి చెప్పలేదు. 2016 నవంబరు 20న ఫ్రాన్సిస్ పోపుగారు ఈ పాపాన్ని క్షమించే అధికారం ప్రతి గురువుకూ శాశ్వతంగా ఇచ్చారు. పాపసంకీర్తన స్థలం తలుపు తెరిచే ఉన్నది. మేము కూడా ఆ తలుపు గుండా వెళ్లి వచ్చినవారమే.

ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊరిలో ఉన్నది. పెళ్లయింది. ఒక పాప ఉన్నది. గత పండుగకు పాపను ఎత్తుకుని గుడికి వచ్చింది, ముందు వరుసలో మాత్రం నిలబడలేదు. మాలో ఒకరు వెళ్లి చేయి పట్టుకుని తీసుకువచ్చారు. ఆ పని మేము ఎన్నో ఏళ్ల ముందు చేయవలసింది.

తండ్రి ఇష్టానికి ఎదురు నడిచి ఒక పసివానిని కోటలో నుండి తెచ్చిన ముసలివాని ధైర్యాన్ని సర్వేశ్వరుడు మన విచారణకు దయచేయును గాక. ఇక మీదట మనకు భయపడి ఏ తల్లీ తన బిడ్డను పోగొట్టుకొనకుండును గాక. ఆమెన్.